ఆర్-చాప్ రెండో విడత: ఆరు రోజులుగా విరేచనం లేదు, ముద్ద దిగడం లేదు

వేకువ | సోమవారం, ఉదయం 4:50

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 46. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల కేన్సర్, మూడో దశ. 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు విడతల ఆర్-చాప్ అనే కీమో ఇస్తామన్నారు. రెండో విడత మందు ఎక్కించి ఇవాళ్టికి ఆరో రోజు.

మొదటి విడతలో మూడు రోజులు వికారం, కొంచెం నీరసం, అంతే. ఈసారి అలా లేదు. మందు ఎక్కించిన రోజు పొద్దున విరేచనం అయింది. ఆ తరువాత ఇంతవరకు లేదు. కడుపు బిగుసుకుపోయి రాయిలా ఉంది. రెండు ముద్దలు తినేసరికి గొంతు దాకా నిండినట్టు అనిపిస్తుంది. వాంతి కాలేదు, డోకు మాత్రం వస్తోంది. దవడలు నొప్పి, నమలడం కష్టంగా ఉంది. వేలికొసలు తిమ్మిరెక్కుతున్నాయి. వికారానికి ఇచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ రోజుకు మూడు మాత్రలు ఒక్కటి కూడా తప్పకుండా వేసుకుంటున్నాను. నిజానికి మూడు రోజులుగా వికారం పెద్దగా లేదు, అయినా రాసిచ్చారు కదా అని మానలేదు.

నిన్న ఫోనులో డ్యూటీ డాక్టర్ జ్వరం ఉందా, వాంతులు ఉన్నాయా అని అడిగారు. రెండూ లేవన్నాను. విరేచనం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇంత పెద్ద జబ్బుకు వైద్యం జరుగుతుంటే మలబద్ధకం గురించి మాట్లాడాలంటే నోరు రాలేదు. మా వారు ఎనిమా తెచ్చి పెట్టారు. చేసుకోవచ్చా?

---

పాతడైరీ | సోమవారం, ఉదయం 5:20

వేకువ గారూ, ఎనిమా పెట్టె తెరవకండి. దాని గురించి వార్డుదీపం గారు వచ్చి నాకంటే బాగా చెబుతారు. ముందు మీరు వీటికి జవాబివ్వండి: గ్యాస్ పోతోందా? కడుపులో నొప్పి ఒకేచోట ఉందా, మెలిపెట్టినట్టు వచ్చి పోతోందా? డోకులో పచ్చని పసరు ఏమైనా వచ్చిందా? గ్యాస్ కూడా ఆగిపోయి, నొప్పి పెరిగి, వాంతులు మొదలైతే పేగు పూర్తిగా ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారే వరకు చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఆ లక్షణాలు లేకపోయినా సరే, ఇవాళ పొద్దున్నే మీ వార్డుకు ఫోన్ చేసి "విన్‌క్రిస్టిన్ ఎక్కించాక ఆరు రోజులుగా విరేచనం లేదు, కడుపు ఉబ్బింది" అని ఇదే మాట చెప్పండి. ఆ మందు పేరుతో చెబితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

నేను మూడేళ్ల కిందట ఇదే మందు ఆరు విడతలూ తీసుకున్నాను. ఆర్-చాప్‌లో ఐదు మందులున్నాయి: రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్. మన పేగును నిద్రపుచ్చేది వీటిలో నాలుగోది. బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసిన మందు అది. కణం రెండుగా చీలడానికి లోపల కొన్ని సన్నని గొట్టాలు కావాలి. విన్‌క్రిస్టిన్ వాటిని ఏర్పడనివ్వదు, అందుకే లింఫోమా కణం చస్తుంది. కానీ అవే గొట్టాలు నాడుల్లో కూడా ఉంటాయి, నాడి ఒక కొస నుంచి ఇంకో కొసకు సరుకు మోసుకుపోయేది వాటి మీదనే. మీ వేలికొసల తిమ్మిరి, దవడ నొప్పి, కదలని పేగు వేర్వేరు బాధలు కావు. మూడూ ఒకే మందు నాడుల మీద చూపిన ప్రభావం. ఈ మూడింటినీ కలిపి డాక్టరుకు చెప్పండి, విడివిడిగా చెబితే ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపిస్తుంది.

ఇందులో చిన్నతనం ఏమీ లేదు. నేనూ మొదట్లో దాచాను. ఆ పది రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలచుకోవడం కూడా ఇష్టం లేదు.

---

వార్డుదీపం | సోమవారం, ఉదయం 5:55

అమ్మా వేకువ, కేన్సర్ వార్డులో 19 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎనిమా ఎందుకు వద్దో చెబుతాను.

కీమో తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల కణాలు అట్టడుగుకు పడిపోతాయి. మీరు ఆ అంచున ఉన్నారు. మలద్వారం దగ్గర చర్మం చాలా పలుచన. ఎనిమా గొట్టం, గ్లిజరిన్ మాత్ర, చివరికి జ్వరం చూసే థర్మామీటరు అయినా సరే, అక్కడ చిన్న గీత పడితే చాలు, పేగులోని సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళతాయి. వాటిని అడ్డుకునే కణాలు ఆ రోజుల్లో ఉండవు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే రక్తస్రావం కూడా ఆగదు. అందుకే రక్తపరీక్ష చూసి డాక్టర్ చెబితే తప్ప కింది నుంచి ఏదీ వద్దు.

ఇంకొక సంగతి. ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా పేగును మందగింపజేస్తుంది. కీమో పడగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరొటోనిన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. ఆ సంకేతమే నాడి వెంట మెదడుకు చేరి వాంతి పుట్టిస్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. అదే సెరొటోనిన్ పేగు కదలికకు కూడా అవసరం. అంటే విన్‌క్రిస్టిన్ ఒకవైపు, ఈ మాత్ర ఇంకోవైపు, మీ పేగును రెండు చేతులతో పట్టుకున్నాయి. మీ అంతట మీరు మానేయవద్దు, కానీ వికారం లేని రోజుల్లో కూడా వేసుకోవాలా అని ఈ రోజే అడగండి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే మలబద్ధకం సంగతి తరువాత, గంట లోపల ఆసుపత్రిలో ఉండాలి. జ్వరం మాత్ర వేసుకుని చూద్దాం అనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పిపెడుతుంది.

---

గడ్డిపువ్వు | సోమవారం, ఉదయం 6:30

వేకువ అక్కా, నాది హాడ్జ్‌కిన్ లింఫోమా, ఏబీవీడీ అనే కీమో తీసుకుంటున్నాను. అందులో ఉండేది విన్‌బ్లాస్టిన్, మీ మందుకు చెల్లెలి వంటిది. నాకూ ఇదే అవస్థ, కాకపోతే కొంచెం తక్కువ. నేను రెండో విడత నుంచి డాక్టర్ చెప్పినట్టు మందు ఎక్కించిన రోజు రాత్రే విరేచనం మాత్ర మొదలుపెడుతున్నాను. ఆగిపోయాక కదిలించడం చాలా కష్టం. ఫోన్ చేసి ఏమన్నారో చెప్పండి, చూస్తూ ఉంటాను.

---

నిలకడ | సోమవారం, ఉదయం 7:10

నాకు మామూలుగా మలబద్ధకం ఉంటుంది. పీచు పొడి రెండు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగితే తెల్లారేసరికి ఫలితం కనిపిస్తుంది. సహజమైనది, ఏ హానీ లేదు. వేకువ గారూ, ప్రయత్నించండి.

---

పాతడైరీ | సోమవారం, ఉదయం 7:25

నిలకడ గారూ, మంచి మనసుతో చెప్పారు, కానీ ఈ పరిస్థితికి అది సరిపడదు. పీచు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బిన దాన్ని పేగు ముందుకు నెట్టాలి. ఇక్కడ నెట్టే శక్తే లేదు. పైగా వేకువ గారు రెండు ముద్దలు కూడా తినలేకపోతున్నారు, నీళ్లు ఎంత తాగుతున్నారో తెలియదు. కదలని పేగులో పీచు పేరుకుంటే అడ్డం పడుతుంది. మామూలు మలబద్ధకం, విన్‌క్రిస్టిన్ మలబద్ధకం పేరుకే ఒకటి. వీటికి రెండు రకాల మందులు వాడతారు: పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరిచేవి, అంటే లాక్టులోజ్, మాక్రోగాల్ వంటివి, పేగు కండరాన్ని తట్టి లేపేవి, అంటే సెనా, బిసాకొడిల్ వంటివి. ఏది, ఎంత అన్నది కడుపు పరీక్షించాకే. లోపల నిజంగా అడ్డు ఉంటే తట్టి లేపే మందు ప్రమాదం.

---

నిలకడ | సోమవారం, ఉదయం 7:40

ఈ తేడా నాకు తెలియదు. వేకువ గారూ, నా సలహా పక్కన పెట్టండి. క్షమించండి.

---

వేకువ | సోమవారం, రాత్రి 9:15

ఉదయం ఏడున్నరకే ఫోన్ చేశాను. పాతడైరీ గారు చెప్పిన వాక్యాన్ని కాగితం మీద రాసుకుని చదివేశాను. వెంటనే రమ్మన్నారు. నిలకడ గారూ, మీరు బాధపడకండి, నాకు ధైర్యం చెప్పాలనే రాశారు.

గ్యాస్ పోతూనే ఉంది కనుక కొంత నయం అన్నారు. కడుపు తట్టి చూశారు, స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. ఎక్స్‌రే తీశారు. అడ్డం లేదు, పెద్దపేగు నిండా మలం గట్టిపడి ఉంది. తెల్ల కణాలు అప్పటికే తగ్గాయి కనుక ఎనిమా కుదరదన్నారు, వార్డుదీపం గారు అన్నట్టే. రక్తంలో పొటాషియం కూడా తక్కువ. పొటాషియం తగ్గితే కండరాలకు బలం ఉండదట, పేగు కూడా కండరమే కదా. సెలైన్‌లో పొటాషియం ఎక్కించారు. మాక్రోగాల్ పొడి రోజుకు రెండుసార్లు, రాత్రికి సెనా మాత్ర రాశారు. ఆన్‌డాన్‌సెట్రాన్ ఇక వికారం ఉంటేనే వేసుకోమన్నారు.

డాక్టరమ్మ ఒక మాట అన్నారు: "మీ వేళ్లు, దవడ, పేగు చూసి తరువాతి విడతలో విన్‌క్రిస్టిన్ మోతాదు ఆలోచిస్తాం. ఇవి మీరు చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు." ఆ మాటకు అక్కడే ఏడ్చేశాను. ఎందుకో తెలియదు.

ఇంకా ఏమీ కాలేదు. ఎదురుచూస్తున్నాను.

---

వేకువ | బుధవారం, ఉదయం 6:05

అయింది. మొదట కొంచెం, గంట తరువాత మళ్లీ. కడుపు మెత్తబడింది. నిన్న రాత్రి చాలా రోజుల తరువాత ఒక గిన్నెడు జావ తాగాను.

---

గడ్డిపువ్వు | బుధవారం, ఉదయం 6:12

అక్కా! పొద్దున్నే ఎంత మంచి కబురు.

---

తోడునీడ | బుధవారం, ఉదయం 10:40

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నేను రోగిని కాదు, నా భార్యకు ఫాలిక్యులర్ లింఫోమా, నాలుగో విడత అయింది. వంటింటి వైపు నుంచి కొన్ని చెప్పాలని ఉంది.

మొదటి రెండు విడతల్లో నేను ఆమె వెంటపడి తినిపించాను. ఇంకొక్క ముద్ద, ఇంకొక్కటి అని. తింటేనే బలం అని నా భయం. ఆమె నా కోసం తినేది, పావుగంటకు వాంతి చేసుకునేది, ఆ తరువాత నాకు క్షమాపణ చెప్పేది. ఆ క్షమాపణ విన్నాకే నాకు బుద్ధి వచ్చింది. ఇప్పుడు పెద్ద కంచం పెట్టను. గంటన్నరకో, రెండు గంటలకో ఒక చిన్న గిన్నె ఆమె చేతికి అందేలా పెట్టి అక్కడి నుంచి వచ్చేస్తాను. తింటే తింటుంది, లేకపోతే లేదు. రోజు మొత్తం మీద చూస్తే ఇప్పుడే ఎక్కువ తింటోంది.

వేడి వంటకం నుంచి వాసన ఎక్కువ లేస్తుంది, వికారం అక్కడే మొదలవుతుంది. అందుకని చల్లారాకే పెడతాను, వండేటప్పుడు ఆమె పడుకున్న గది తలుపు మూస్తాను. అన్నంతో పాటు నీళ్లు తాగితే పొట్ట త్వరగా నిండిపోతోంది, కనుక నీళ్లు తిండికి తిండికి మధ్యలో. తిన్నాక ఒక గంట వెల్లకిలా పడుకోనివ్వను, తల ఎత్తుగా పెట్టి ఆనుకుని కూర్చోబెడతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక నర్సు చెప్పింది. ఇష్టమైన వంటకాన్ని కీమో రోజున చేయవద్దని. మొదటి విడత రోజు ఆమెకు ప్రాణమైనదాన్ని ప్రేమగా వండి తీసుకెళ్లాను. ఆ రాత్రి వాంతులయ్యాయి. అప్పటి నుంచి ఆ వంటకం పేరు చెబితే చాలు, ముఖం తిప్పుకుంటుంది. తప్పు మందుది, మెదడు మాత్రం దాన్ని తిండి మీదకు నెట్టేసి గుర్తు పెట్టుకుంటుంది. ఆ రోజు ఏ ఇష్టమూ, ఏ జ్ఞాపకమూ లేని సాదా తిండి చాలు.

---

గడ్డిపువ్వు | బుధవారం, మధ్యాహ్నం 12:30

తోడునీడ గారూ, మీరు రాసింది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకు చూపిస్తాను.

మెదడు గుర్తు పెట్టుకోవడం అన్నారు కదా, నాకు అది ఇంకా ముదిరింది. ఏబీవీడీలో డకార్బజిన్ ఉంది. వాంతులు తెప్పించడంలో అది పై వరుసలోని మందు. మొదటి రెండుసార్లు వాంతి మందులు నాకు సరిగా అందలేదు, రాత్రంతా వాంతులే. మూడోసారికి ఆసుపత్రి వరండాలో స్పిరిట్ వాసన తగలగానే, ఇంకా సూది కూడా పెట్టకముందే, వాంతి అయింది. నాకే పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. ఇది చాలామందికి ఉంటుందని, దీనికి పేరు కూడా ఉందని డాక్టర్ చెప్పారు: ముందస్తు వికారం. అది మొదలయ్యాక మామూలు వాంతి మాత్రలు దానిమీద అంతగా పనిచేయవు. నాకు ముందురోజు రాత్రి, ఆ ఉదయం ఆందోళన తగ్గించే లోరాజిపామ్ ఇచ్చారు. నిదానంగా ఊపిరి తీసుకోవడం కూడా నేర్పారు.

వాంతి మందులూ మార్చారు. ఇప్పుడు ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్‌తో పాటు అప్రెపిటెంట్, రాత్రికి తక్కువ మోతాదు ఓలాంజపిన్. ఓలాంజపిన్ మనోవ్యాధుల మందు అని నెట్‌లో చూసి మా అమ్మ భయపడింది. కీమో వికారానికి దాన్ని ప్రపంచమంతటా వాడుతున్నారని డాక్టర్ వివరించాక ఒప్పుకుంది. మత్తుగా ఉంటుంది, పగలు కూడా కొంచెం తూగుతాను, కానీ రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు వచ్చే ఆ ఆలస్యపు వికారం దాదాపు పోయింది.

అందరికీ చెప్పేది ఒకటే. ఒక విడతలో వాంతులు అదుపు కాకపోతే "కీమో అంటే ఇంతే" అని ఊరుకోకండి. తరువాతి విడతకు ముందే మందులు మార్చమని అడగండి. అడిగితే మారుస్తారు. నేను రెండు విడతలు ఊరికే ఓర్చుకున్నాను.

---

రెండోగట్టు | బుధవారం, రాత్రి 8:20

ఇక్కడ ఎక్కువమంది మలబద్ధకం గురించే రాశారు. నాది దానికి ఎదురు. లింఫోమా తిరగబెట్టాక సొంత మూలకణాల మార్పిడి చేశారు. దానికి ముందు ఇచ్చే బీమ్ అనే నాలుగు మందుల కీమోతో, అంటే కార్ముస్టిన్, ఎటోపోసైడ్, సైటరబిన్, మెల్ఫలాన్‌లతో, నోటి నుంచి మలద్వారం దాకా లోపలి పొర అంతా రాలిపోయినట్టయింది. రోజుకు పది పన్నెండు సార్లు నీళ్ల విరేచనాలు.

అది ఆసుపత్రిలో జరిగింది కాబట్టి బతికాను. నేను చెప్పాలనుకున్నది మాత్రం అంతకుముందు ఇంట్లో జరిగిన సంగతి. మొదటి దశ కీమోలో ఒకసారి పదో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో లోపరమైడ్ ఉంది, వేసుకున్నాను, ఆగాయి. సాయంత్రానికి పొట్ట కింద కుడివైపు నొప్పి, ఆ తరువాత చలి, జ్వరం. తెల్ల కణాలు దాదాపు లేని సమయంలో పెద్దపేగు మొదటి భాగానికి వాపు, ఇన్ఫెక్షన్ వచ్చాయి. పేగులో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు విరేచనాన్ని బలవంతంగా ఆపితే విషం లోపలే నిలిచిపోతుందని ఆ రోజు తెలిసింది. యాంటీబయాటిక్స్ వాడాక పెరిగే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా కూడా ఇలాగే విరేచనాలు తెస్తుంది, దానికి మలపరీక్ష చేయాలి. లోపరమైడ్ చెడ్డ మందు కాదు. ఇన్ఫెక్షన్ లేదని తేలాక నాకూ అదే ఇచ్చారు, బాగా పనిచేసింది. కాకపోతే కీమో రోగికి అది ఎప్పుడు వేయాలో నిర్ణయించేది డాక్టరే.

ఆ లోపు మన చేతిలో ఉన్నది నీళ్లు, ఉప్పు పోకుండా చూసుకోవడం. ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఎక్కువ తియ్యగా చేస్తే విరేచనాలు పెరుగుతాయి. గుక్కగుక్కగా తాగాలి. పాలు కొన్నాళ్లు సరిపడకపోవచ్చు, దెబ్బతిన్న పేగుకు పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది. ప్రతిసారీ కాగితంతో రుద్దకుండా గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్దుకోండి. అక్కడి చర్మం ఒరుసుకుపోతే కూర్చోవడమే నరకం.

మెల్ఫలాన్ తీసుకోబోయే వాళ్లెవరైనా ఉంటే, మందు ఎక్కిస్తున్నంతసేపూ నోట్లో ఐసు ముక్కలు పెట్టుకునే పద్ధతి గురించి మీ వార్డులో అడగండి. నోటి లోపలి రక్తనాళాలు ముడుచుకుని అక్కడికి మందు తక్కువ చేరుతుంది, నోటిపూత తగ్గుతుంది. నాకు చేయించారు, నా నోరు చాలావరకు దక్కింది.

---

చిగురు | గురువారం, ఉదయం 7:30

నేను కొత్త. మా నాన్నగారికి 68 ఏళ్లు, ఆర్-చాప్ మొదటి విడత అయి పదకొండో రోజు. నోరంతా పూసింది, నాలుక మీద తెల్లగా పెరుగు అంటుకున్నట్టు ఉంది. మింగితే ఛాతీ మధ్య మంట. తెలిసినాయన ఒకరు ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ గొట్టం మాత్రలు వేయమన్నారు, ఇంట్లో ఉన్నాయి. వేయవచ్చా?

---

వార్డుదీపం | గురువారం, ఉదయం 7:45

వేయవద్దు. ఇంకా వేయలేదు కదా? వేసి ఉంటే ఇప్పుడే వార్డుకు ఫోన్ చేసి చెప్పండి.

ఎందుకంటే విన్‌క్రిస్టిన్‌ను శరీరం నుంచి తొలగించే పని కాలేయానిది. ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, పొసాకొనజోల్ వంటి ఫంగస్ మందులు కాలేయంలోని ఆ దారిని మూసేస్తాయి. అప్పుడు విన్‌క్రిస్టిన్ ఎక్కువసేపు ఎక్కువ మోతాదులో ఒంట్లో నిలిచి నాడులను దెబ్బతీస్తుంది. ఈ చర్చ మొదట్లో వేకువ పడిన బాధ చదివారు కదా, దానికి పదింతలు ఊహించుకోండి. పేగు పూర్తిగా స్తంభించిపోయిన వాళ్లను చూశాను. గ్రేప్‌ఫ్రూట్ పండు కూడా ఇలాంటి పనే చేస్తుంది, చికిత్స అయ్యేవరకు దాని జోలికి వెళ్లనివ్వకండి.

నాన్నగారికి ఉన్నది ఫంగసే కావచ్చు. రోజుకు 100 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఐదు రోజులు వేసుకున్నాక, కణాలు తగ్గిన రోజుల్లో అది సాధారణం. మింగితే ఛాతీలో మంట అంటే ఆహారనాళంలోకి కూడా దిగి ఉండవచ్చు, కనుక ఇవాళే చూపించండి. నోట్లో పుక్కిలించి మింగే నిస్టాటిన్ ద్రవం వంటివి ఉన్నాయి, అది రక్తంలోకి దాదాపు వెళ్లదు. ఏది ఇవ్వాలో విన్‌క్రిస్టిన్ తేదీ చూసుకుని వాళ్లే నిర్ణయిస్తారు.

నోటికి మీరు చేయగలిగింది: ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి తిన్న ప్రతిసారీ, నిద్రకు ముందు పుక్కిలించాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, మంట పెడుతుంది. పసిపిల్లల మెత్తని బ్రష్ వాడండి. కట్టుడు పళ్లుంటే భోజనానికి తప్ప పెట్టుకోనివ్వకండి, వాటినీ శుభ్రం చేయాలి, ఫంగస్ అక్కడ దాక్కుంటుంది. పులుపు, కారం, గరుకైనవి మానేసి చల్లగా, మెత్తగా ఉన్నవి పెట్టండి. తినడానికి అరగంట ముందు నొప్పి తగ్గించే జెల్ పూయమంటారేమో అడగండి, చాలామందికి ఆ అరగంటే తినగలిగే సమయం.

జ్వరం చూశారా? పదకొండో రోజు కదా. ముందు అది చూడండి.

---

చిగురు | గురువారం, ఉదయం 7:58

వేయలేదమ్మా. గొట్టం చేతిలోకి తీసుకుని, ఎందుకో అడుగుదామనిపించి ఆగాను. జ్వరం 99. బయలుదేరుతున్నాం.

---

వార్డుదీపం | గురువారం, ఉదయం 8:01

మంచిది. ఆ గొట్టాలు కూడా వెంట తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో వాడుతున్న బీపీ, షుగరు మందులు, ఆకుపసర్లు, బలానికని తెచ్చిన పొడులు అన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి.

---

పాతడైరీ | గురువారం, సాయంత్రం 6:30

చిగురు గారూ, కబురు కోసం ఎదురుచూస్తున్నాం.

ఈలోగా, డైరీ గురించి ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు, ఇక్కడే రాస్తాను. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను. మందు ఎక్కించిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి, ప్రతి రోజూ నాలుగే నాలుగు సంగతులు రాసేవాడిని: విరేచనం అయిందా (అయితే ఎలా), ఎన్నిసార్లు డోకు వచ్చింది, ఏం దిగింది, జ్వరం ఎంత. రెండు విడతలయ్యేసరికి నా కడుపు పంచాంగం నాకే కనిపించింది. రెండు నుంచి నాలుగో రోజు వరకు వికారం. మూడు నుంచి ఎనిమిది వరకు మలబద్ధకం. ఐదో రోజు వరకు స్టెరాయిడ్ (అదే ప్రెడ్నిసొలోన్) ఆకలి, కడుపులో మంట. ఆరో రోజు స్టెరాయిడ్ ఆగగానే ఒళ్లంతా కూలబడినట్టు నీరసం. తొమ్మిది, పది రోజులకు నోటిపూత. పదిహేను తరువాత రుచి తిరిగి వచ్చేది. మీ రోజులు వేరుగా ఉండవచ్చు, కానీ ఒక విడతకు, తరువాతి విడతకు మధ్య పెద్ద తేడా ఉండదు. ఏ రోజు ఏది వస్తుందో తెలిస్తే దానికి ముందు రోజే మందు మొదలుపెట్టవచ్చు. పదిహేనో రోజు తరువాత ఆకలి వేసినప్పుడు గుడ్డు, పప్పు, చేప, ఏది సరిపడితే అది బాగా తిని పోయిన బరువు తిరిగి తెచ్చుకునేవాడిని.

ప్రెడ్నిసొలోన్ పొద్దున్నే, కడుపులో ఏదైనా పడ్డాకే వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే నిద్ర ఉండదు. కడుపు మంటకు ఇచ్చే మాత్ర తప్పించకండి. మలం తారులా నల్లగా వస్తే, రక్తం పడితే అది మంట కాదు, రక్తస్రావం. వెంటనే వెళ్లాలి. లింఫోమా పొట్టలోనో పేగులోనో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మందుకు గడ్డ కరిగేటప్పుడు అక్కడి గోడకు చిల్లు పడే అవకాశం ఉంది. ఒక్కసారిగా భరించలేని కడుపునొప్పి వస్తే అక్కడ క్షణం కూడా ఆలస్యం వద్దు.

డాక్సోరూబిసిన్ ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, అది ఆ మందు రంగే. నేను మొదటిసారి చూసి గోడ పట్టుకుని నిలబడ్డాను.

---

చిగురు | గురువారం, రాత్రి 10:10

నోటి ఫంగస్ అన్నారు, ఆహారనాళంలోకి కూడా దిగిందేమో అని అనుమానం. కణాలు బాగా తక్కువ ఉన్నాయని చేర్చుకున్నారు. ఇట్రాకొనజోల్ సంగతి చెప్పగానే డాక్టర్ కుర్చీలోంచి ముందుకు వంగి "వేశారా?" అని అడిగారు. లేదన్నాక మందు మార్చి రాశారు. నాన్న ఇప్పుడు చల్లని పాలు నాలుగు చెంచాలు మింగారు. వార్డుదీపం అమ్మా, ఇంకేం రాయాలో తెలియడం లేదు.

---

తోడునీడ | శుక్రవారం, ఉదయం 9:00

చిగురు గారూ, ఆసుపత్రిలో మీరు కూడా వేళకు తినండి. ఇది ఎవరూ గుర్తు చేయరు కాబట్టి నేను చేస్తున్నాను.

ఇంకొకటి, నోరు ఇనుప రుచి వస్తోందంటే లోహపు చెంచాకు బదులు ప్లాస్టిక్ చెంచా వాడి చూడండి. మా ఇంట్లో అది పనిచేసింది. మాంసం చేదు అనిపించినప్పుడు గుడ్డు, పప్పు సయించాయి.

---

వేకువ | పదిహేను రోజుల తరువాత, ఆదివారం, ఉదయం 6:35

మూడో విడత అయింది, ఇవాళ ఐదో రోజు. ఈసారి వెళ్లేముందే కాగితం రాసుకున్నాను. వేలికొసల తిమ్మిరి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అడ్డం వస్తోందని కూడా రాశాను. విన్‌క్రిస్టిన్ తగ్గించి ఇచ్చారు. తగ్గిస్తే జబ్బు మీద పట్టు తగ్గుతుందేమోనని భయపడి అడిగాను. నాడులు శాశ్వతంగా దెబ్బతినకుండా చూడటం కూడా వైద్యంలో భాగమే అన్నారు, మిగిలిన నాలుగు మందులూ పూర్తి మోతాదులోనే ఉన్నాయన్నారు.

మందు ఎక్కించిన రాత్రే సెనా, మాక్రోగాల్ మొదలుపెట్టాను. ఆన్‌డాన్‌సెట్రాన్ మూడు రోజులతో ఆపాను. ఇంట్లోనే, గది నుంచి గదికి, రోజుకు మూడుసార్లు పది నిమిషాలు నడుస్తున్నాను. మొన్న విరేచనం అయింది, ఇవాళ మళ్లీ అయింది. డైరీలో రాసుకున్నాను: ఐదో రోజు, 6:10, మెత్తగా.

ఎనిమా పెట్టె మా వారు దుకాణంలో తిరిగి ఇచ్చేశారు.

ఇవాళ్టితో ప్రెడ్నిసొలోన్ అయిపోతుంది. రేపు వచ్చే నీరసానికి ఏం చేసేవారో పాతడైరీ గారూ, తీరిక ఉన్నప్పుడు చెప్పండి. చిగురు గారూ, నాన్నగారు ఎలా ఉన్నారు? రెండో విడత అయిందా?